‘త్వరలో’ అనే మాట



2023 డిసెంబరు 12వ తేదీన అమెరికాలో ఒక ఎగ్జిబిషన్ శాశ్వతంగా మూతపడింది. ఇకమీదట దానిని జరపబోమని నిర్వాహకులే ప్రకటించారు. మనలో పెద్దవారికి ఆ సంగతి తెలియకపోవచ్చును. మీ ఇంట్లో ఇరవై, ముప్పై సంవత్సరాల వయసు కుర్రవాడు ఉండి, అతనికి వీడియో గేముల అలవాటు ఉంటే, ‘ఈ-త్రీ’ అంటే ఏమిటని ఒకసారి అడిగి చూడండి. అతని ముఖం ఎలా వెలుగుతుందో, ఆ వెంటనే ఎలా చిన్నబోతుందో గమనించండి.

ఎలక్ట్రానిక్ ఎంటర్‌టైన్‌మెంట్ ఎక్స్‌పో అనేది దాని పూర్తి పేరు. ఆ మూడు మాటలూ ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి గనుక ఈ-త్రీ అన్నారు. వీడియో గేములు తయారుచేసే కంపెనీలన్నీ సంవత్సరానికి ఒకసారి, మే నెలలోనో జూన్ నెలలోనో, ఎక్కువగా లాస్ ఏంజిలిస్ పట్టణంలోని కన్వెన్షన్ సెంటరులో చేరి, తాము తేబోయే ఆటలను అక్కడ చూపించేవారు. మన హైదరాబాదు నాంపల్లి నుమాయిష్‌కు పిల్లలతో వెళ్ళి, మిర్చి బజ్జీలు తిని, దుప్పట్లు బేరమాడి తెచ్చుకొంటాం కదా, ఇది ఆ తరహా కాదు. అక్కడ మీరు కొనుక్కొని సంచిలో వేసుకొనే సరుకు ఉండదు. ఇంకా తయారీలో ఉన్న సరుకును తెరమీద చూపించి, ‘త్వరలో వస్తున్నది’ అని చెప్పడమే అక్కడి పని. చూడవచ్చేవారు దుకాణదారులు, పత్రికలవారు, ఆ వ్యాపారంలో ఉన్నవారు. సామాన్య ప్రజలకు టిక్కెట్లు అమ్మడం 2017లో గాని మొదలు కాలేదు. ఆ ఏడు 15,000 టిక్కెట్లు అమ్మారు.

“అయ్యగారూ, పాస్టరుకు వీడియో గేములతో పనేమిటి?” అని మా సంఘపెద్ద ఒకాయన నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను ఆటగాణ్ణి కాను. కాని ప్రతి వారం పది పదిహేను ఇళ్ళు దర్శించేవాడిని. ఒక ఇంట్లో ఎవరు దేనికోసం ఎదురుచూస్తున్నారో తెలిస్తే ఆ ఇల్లు సగం తెలిసినట్లే. తల్లి గల్ఫ్‌లో ఉన్న భర్త ఫోను కోసం, తండ్రి పంట డబ్బు కోసం, ఆడపిల్ల పరీక్షా ఫలితాల కోసం ఎదురుచూస్తూ ఉంటారు. అదే ఇంట్లో ఒక మూల కుర్రవాడు రాబోయే ఒక ఆట కోసం ఎదురుచూస్తూ ఉంటాడు. మిగిలినవారి ఎదురుచూపును మనం గౌరవిస్తాం. వీడి ఎదురుచూపును మాత్రం నవ్వి ఊరుకొంటాం. అది నాకు సబబుగా తోచదు. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ముందు ఆ ఎగ్జిబిషన్ ఎలా పుట్టిందో చెబుతాను. 1990ల మొదట్లో వీడియో గేముల కంపెనీలకు సొంత వేదిక లేదు. టీవీలు, టేపురికార్డర్లు, ఇతర ఎలక్ట్రానిక్ సామాను చూపించే ఒక పెద్ద ప్రదర్శనలో వారూ ఒక పక్కన చోటు తీసుకొనేవారు. 1994లో ఆ కంపెనీలు కలిసి సంఘంగా ఏర్పడ్డాయి. మరుసటి సంవత్సరం 1995 మే 11 నుండి 13 వరకు లాస్ ఏంజిలిస్‌లో మొదటి ఈ-త్రీ జరిగింది. 40,000 మందికి పైగా వచ్చారు. మే నెలనే ఎంచుకోవడంలో వ్యాపార లెక్క ఉంది. అమెరికాలో ఆట వస్తువుల అమ్మకాల్లో పెద్ద భాగం క్రిస్మస్ ముందు వారాల్లోనే జరుగుతుంది. డిసెంబరులో అరల నిండా సరుకు ఉండాలంటే దుకాణదారుడు వేసవిలోనే ఎన్ని పెట్టెలు తెప్పించాలో నిర్ణయించుకోవాలి. అతని మనసు గెలవడానికే ఆ దీపాలూ ఆ పెద్ద తెరలూ ఆ హోరూ.

ఆ మొదటి సంవత్సరమే ఒక సంగతి జరిగింది. సెగా కంపెనీవారు వేదిక ఎక్కి, సెప్టెంబరులో రావలసిన తమ ‘శాటర్న్’ యంత్రం ఆ రోజే కొన్ని దుకాణాల్లో అమ్మకానికి వచ్చేసిందనీ, దాని వెల 399 డాలర్లనీ చెప్పారు. సభ ఆశ్చర్యపోయింది. ఆ తరువాత సోనీ కంపెనీ తరఫున ఒక అధికారి తన ప్రసంగం చేయడానికి వేదిక మీదికి వచ్చి, ఒకే ఒక అంకె పలికి దిగిపోయాడు. 299! సభ చప్పట్లతో మారుమ్రోగింది. సోనీవారి ‘ప్లేస్టేషన్’ ఆ సెప్టెంబరు 9న చెప్పిన వెలకే వచ్చింది. సెగావారి ఆకస్మిక విడుదలకు ఎవరూ సిద్ధంగా లేరు. ఆడటానికి తగినన్ని ఆటలు లేవు. సరుకు అందని దుకాణాలవారు నొచ్చుకొన్నారు. ఒక పెద్ద ఆటబొమ్మల దుకాణాల సంస్థ శాటర్న్‌ను అమ్మనే అమ్మనన్నది. 2001 నాటికి సెగా యంత్రాల తయారీయే మానుకొంది. ఆ ఒక్క రోజే దీనికంతటికీ కారణం అనలేం. కాని చెప్పిన గడువుకంటే ముందుగా తెచ్చి పెట్టినా మేలు జరగకపోవచ్చునని అందులో కనబడుతుంది. మాటకు సమయం ఉంటుంది. వినేవారు ఆ సమయాన్ని నమ్ముకొని తమ ఏర్పాట్లు చేసుకొంటారు.

ఆ 1995 వేసవిలో నేను హైస్కూలు కుర్రవాణ్ణి. మా ఊరి బజారు వెనక సందులో ఒక వీడియో గేముల షాపు ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు బెంచీలు, గోడకు ఒక గడియారం. గంట లెక్కన అద్దె. చేతిలో రూపాయలు అయిపోయినా వెళ్ళిపోకుండా వెనక నిలబడి, ఆడేవాడికి సలహాలు చెప్పేవాళ్ళం. మేము అంత ఆశగా ఆడే మారియో, కాంట్రా ఆటలు జపానులో, అమెరికాలో అప్పటికే ఏడెనిమిది, పది సంవత్సరాల క్రితం వచ్చినవని మాకు తెలియదు. రాబోయే ఆట అనే ఊహే మాకు లేదు. షాపాయన విజయవాడ వెళ్ళి కొత్త క్యాసెట్టు తెచ్చాడంటే మాకు అదే ఈ-త్రీ! ‘ఎల్లుండి తెస్తానురా’ అని ఆయన అంటే, ఆ రెండు రోజులూ బడిలో పాఠం వినబడేది కాదు.

కనుక ఈనాటి పిల్లల ఉత్సాహం నాకు వింతగా ఉండదు. 2004 మే నెలలో జరిగిన ఈ-త్రీలో నింటెండో కంపెనీవారు తమ సభ చివర ఒక చిన్న చిత్రం వేశారు. అది ‘జెల్డా’ అనే ఆటల వరుసలో రాబోయే కొత్త ఆట. గుర్రం మీద ఒక యువకుడు మైదానంలో పోతూ ఉంటాడు. సభలో పెద్ద పెద్దవాళ్ళు కుర్చీల్లోంచి లేచి కేకలు పెట్టారు. కొందరు కన్నీళ్ళు పెట్టుకొన్నారు. ఆ ఆటల సృష్టికర్త షిగెరు మియామోటో కత్తి, డాలు పట్టుకొని చిన్నపిల్లవాడిలా వేదిక మీదికి వచ్చాడు. ఆ ఆట చేతికి అందినది 2006 నవంబరులో. అంటే, రెండున్నర సంవత్సరాల తరువాత. ఆ రోజు ఏడ్చినవారు ఆట ఆడి ఏడ్వలేదు. ఎదురుచూడటానికి తమకు ఒకటి దొరికిందని ఏడ్చారు. క్రిస్మస్‌కు దర్జీ దగ్గర బట్టలు కుట్టించుకొన్న పిల్లవాడు రోజూ ఆ దుకాణం మీదుగా వెళ్ళి, తన చొక్కా వంకీకి వేలాడుతున్నదేమో చూసి వస్తాడు. చొక్కా వేసుకొనేది ఒక్క రోజే. చూసుకొన్న సంతోషం నెల రోజులది. ఇది మనకు తెలియనిది కాదు.

అయితే, చూపించినదంతా వచ్చిందా? ఇక్కడే మన పిల్లలకు మనం నేర్పవలసిన సంగతి ఉంది.

వేదిక మీద చూపించేది చాలాసార్లు పూర్తి ఆట కాదు. ఆటలో ఒక చిన్న ముక్కను తీసుకొని, దానికే మెరుగులు దిద్ది, అది ఎక్కడా ఆగిపోకుండా సిద్ధం చేస్తారు. ఈ పని కోసం తయారీదారులు అసలు పనిని వారాల తరబడి పక్కన పెట్టవలసి వచ్చేది. కొన్నిసార్లు ఆ ముక్క కూడా నిజం కాదు. 2005లో సోనీవారు ‘కిల్‌జోన్’ అనే యుద్ధపు ఆట చిత్రం వేశారు. అంత స్పష్టత, అంత పొగ, అంత వెలుగు ఆటలో సాధ్యమా అని అందరూ నోళ్ళు తెరిచారు. అది ఆట కాదనీ, ఆట ఎలా ఉండాలని తాము కోరుకొంటున్నారో చూపడానికి ముందుగా తయారుచేసిన బొమ్మల చిత్రమనీ తరువాత తేలింది. అసలు ఆట 2009 ఫిబ్రవరిలో వచ్చింది. బాగానే ఉందని పేరు కూడా తెచ్చుకొంది. కాని ‘చూపినది నిజమేనా?’ అనే అనుమానం ఆ రోజునుండి ప్రేక్షకుల మనసులో నిలిచిపోయింది.

‘డ్యూక్ నూకెమ్ ఫరెవర్’ అనే మరో ఆట సంగతి వినండి. 1997లో ప్రకటించారు. 1998 ఈ-త్రీలో చిత్రం చూపారు. 2001లో ఇంకా గొప్ప చిత్రం చూపారు. పనివారు మారారు, యంత్రాలు మారాయి, కంపెనీ చేతులు మారింది. చివరకు వచ్చినది 2011 జూన్‌లో. పద్నాలుగు సంవత్సరాలు! మొదటి ప్రకటన చూసినప్పుడు పదో తరగతి చదివే కుర్రవాడు ఆట వచ్చేనాటికి పిల్లల తండ్రి అయి ఉంటాడు. తీరా వచ్చినదాన్ని చూసి చాలామంది పెదవి విరిచారు.

2014లో ఇంగ్లండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణానికి చెందిన ఒక చిన్న బృందం ‘నో మ్యాన్స్ స్కై’ అనే ఆటను ఈ-త్రీలో సోనీ వేదిక మీద చూపింది. లెక్కలేనన్ని గ్రహాలు, ఏ గ్రహం మీదనైనా దిగి నడవవచ్చును. చూపడానికి కొద్ది నెలల క్రితం, 2013 క్రిస్మస్ ముందు రోజున వారి ఆఫీసు వరదలో మునిగి కంప్యూటర్లు పాడైపోయాయి. అయినా పని ఆపలేదు. 2016 ఆగస్టులో ఆట విడుదలైంది. చెప్పిన సంగతులు కొన్ని అందులో లేవు. ఇద్దరు ఆటగాళ్ళు ఒకే చోటికి వెళ్ళినా ఒకరికొకరు కనబడలేదు. కొన్నవారికి కోపం వచ్చింది. అది బెదిరింపుల వరకు పోయింది. ఆ బృందం తిరిగి వాదించలేదు. చాలాకాలం నోరు మెదపకుండా పని చేసుకొంది. ఒకదాని తరువాత ఒకటిగా చేర్పులు ఉచితంగా ఇచ్చింది. 2018 జూలైలో ఆటగాళ్ళు కలిసి ఆడే ఏర్పాటు పూర్తిగా వచ్చింది. తిట్టినవారే మెచ్చుకొన్నారు. మాట తప్పినవాడికి దారి మూసుకుపోలేదు. కాని ఆ దారి చాలా పొడవైనది, దానిని మాటలతో దాటలేరు.

‘సైబర్‌పంక్ 2077’ ఆటది మరీ పెద్ద కథ. ఇది పెద్దవారికి ఉద్దేశించిన ఆట, పిల్లలకు ఇవ్వదగినది కాదు. కాని జరిగినది మాత్రం తెలుసుకోదగినది. 2019 ఈ-త్రీలో హాలీవుడ్ నటుడు కియాను రీవ్స్ స్వయంగా వేదిక మీదికి వచ్చి, 2020 ఏప్రిల్ 16 అని తేదీ చెప్పాడు. సభ ఊగిపోయింది. ఆ తేదీ సెప్టెంబరుకు జరిగింది, తరువాత నవంబరుకు, ఆ తరువాత డిసెంబరు 10కి. చివరి వారాల్లో ఆ పోలండు కంపెనీ ఉద్యోగులు వారానికి ఆరు రోజులు పనిచేయవలసి వచ్చింది. విడుదలైనప్పుడు పాత యంత్రాల మీద ఆట సరిగా నడవనే లేదు. వారం తిరిగేసరికి సోనీవారు దానిని తమ ఇంటర్నెట్ దుకాణం నుండి తీసేసి, కొన్నవారికి డబ్బు తిరిగి ఇస్తామన్నారు. మళ్ళీ అక్కడ అమ్మకానికి వచ్చినది 2021 జూన్‌లో. అటుపిమ్మట మరమ్మతులు చేసి, 2023 నాటికి మంచి పేరు తెచ్చుకొన్నారు. వేదిక మీద పలికిన ఒక తేదీ వెనుక వందలాది కుటుంబాల సాయంకాలాలు ఖర్చయ్యాయని మనం మరచిపోరాదు. ‘త్వరలో’ అన్నవాడు ఒకడు. ఆ మాటను మోసేవారు వేరొకరు.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను.

2019 జూన్ 9 ఆదివారం. మా పెద్దవాడికి అప్పుడు పదమూడేళ్ళు. లాస్ ఏంజిలిస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట అంటే మనకు ఆ రాత్రి ఒంటిగంటన్నర. “నాన్నా, అలారం పెడతాను. మీరు కూడా లేస్తారా?” అని అడిగాడు. ఉదయం ఆరాధన, సాయంకాలం కూడిక ముగించుకొని వచ్చిన ఒళ్ళు. అయినా లేచాను. ఇద్దరం వంటింట్లో క్రింద కూర్చొని, వాళ్ళమ్మకు నిద్రాభంగం కాకుండా ఫోనుకు ఇయర్‌ఫోన్లు పెట్టి చెరొకటి చెవిలో పెట్టుకొన్నాం. తుపాకులు, రాక్షసులు అనేకం వచ్చిపోయాయి. నడుమ ఉన్నట్టుండి ఒక విమానం. మేఘాలు, కొండలు, పట్టణాలు. ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ అనే పాత మైక్రోసాఫ్ట్ ఆట చాలా సంవత్సరాల తరువాత తిరిగి వస్తున్నది. ఉపగ్రహాలు తీసిన ఫోటోలతో భూమి మొత్తాన్ని అందులో పెట్టారట. 2020లో వస్తుందన్నారు. మావాడు ఊపిరి బిగబట్టి చూశాడు. చిత్రం అయిపోయిన తరువాత ఒకే ప్రశ్న అడిగాడు. “అయితే తాతయ్యవాళ్ళ ఊరు కూడా ఉంటుందా?”

మా నాన్నగారి ఊరు కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న చిన్న గ్రామం. ఆ రాత్రి నుండి మావాడు ఒక నోటుబుక్కు పెట్టాడు. రాజమండ్రి విమానాశ్రయం నుండి లేచి, గోదావరిని ఎడమవైపు ఉంచుకొని, ఏ ఊరు దాటిన తరువాత ఎటు తిరగాలో అట్లాసు చూసి వ్రాసుకొన్నాడు. తాతయ్యకు ఫోను చేసి, కాలువ ఎక్కడ వంపు తిరుగుతుందో, చర్చి ఏ పక్కన ఉందో అడిగి వ్రాసుకొన్నాడు. ఎనభై ఏళ్ళ మా నాన్నగారు మనవడి విమానం కోసం తన ఊరి దారులన్నీ జ్ఞాపకం చేసుకొని చెప్పేవారు.

ఆట చెప్పినట్లే 2020 ఆగస్టు 18న వచ్చింది. ప్రపంచమంతా ఇళ్ళలో బందీలై ఉన్న సంవత్సరం అది. ఎక్కడికీ కదలలేని మనుష్యులు భూమి అంతటి మీద ఎగిరారు. కాని మా ఇంట్లో అది నడవదు. కనీసం 150 జీబీ ఖాళీ స్థలం, 8 జీబీ ర్యామ్, వేరుగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. మాది బోధనలు టైపు చేసుకొనే పాత కంప్యూటరు. మరొకటి కొనాలంటే యాభై వేలకు తక్కువ కాదని షాపులో చెప్పారు. కూడికలు లేని ఆ నెలల్లో కానుకలూ లేవు. బియ్యం ఎవరింట ఉన్నాయో, ఎవరింట లేవో కనుక్కొంటున్న రోజులు. నేను మావాణ్ణి కూర్చోబెట్టి, “ఈ సంవత్సరం కొనలేను. వచ్చే సంవత్సరం కొంటానని కూడా చెప్పలేను. చెప్పగలిగిన రోజున నేనే చెబుతాను” అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “సరే నాన్నా, ‘చూద్దాంలే’ అనలేదు కదా” అన్నాడు.

2021 మే నెలలో మా నాన్నగారు కరోనాతో ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమానికి నలుగురం మాత్రమే వెళ్ళగలిగాం. మావాడు అప్పుడు అదే జ్వరంతో ఇంట్లో గదిలో ఉన్నాడు. తాతయ్యను చివరిసారి చూడలేదు. దాని గురించి ఎన్నడూ మాట్లాడలేదు కూడా.

2022 వేసవి సెలవుల్లో హైదరాబాదులో వాళ్ళ మావయ్య ఇంటికి వెళ్ళాం. ఆయన ఉద్యోగరీత్యా మంచి కంప్యూటరు ఉంచుకొన్నాడు. అందులో ఆ ఆట ఉంది. మావాడు ఎవరినీ ఏమీ అడగకుండా సంచిలోనుండి ఆ నోటుబుక్కు తీశాడు. రాజమండ్రి నుండి లేచాడు. గోదావరి మీద ఇసుక మేటలు, మలుపులు ఉన్నవి ఉన్నట్లే కనబడ్డాయి. వంతెనలు మాత్రం నేనెరిగిన రూపంలో లేవు. నోటుబుక్కులో వ్రాసుకొన్న చోట తిరిగి, కిందికి దిగి, ఊరి మీదికి వచ్చాడు. కాలువ వంపు ఉంది. కొబ్బరితోటల పచ్చదనం ఉంది. చర్చి లేదు. ఆ చోట ఒక మామూలు ఇల్లు నిలబడి ఉంది. ఉపగ్రహం ఫోటోలో కప్పు మాత్రమే కనబడుతుంది గనుక, అక్కడ ఎలాంటి కట్టడం ఉండవచ్చునో కంప్యూటరే ఊహించి నిలబెడుతుందట. చర్చి వెనక సమాధుల తోట ఉండవలసిన చోట ఉత్త పచ్చిక. మావాడు ఆ చోటు చుట్టూ చాలాసేపు తిరుగుతూనే ఉన్నాడు. మావయ్య ఏదో చెప్పబోతే నేను కళ్ళతో వారించాను. చివరికి వాడే, “ఇక్కడే కదా నాన్నా?” అన్నాడు. “ఇక్కడే” అన్నాను. అప్పుడు ఏడ్చాడు. సంవత్సరం పాటు లోపల దాచుకొన్నది ఆ రోజు బయటికి వచ్చింది. ఆ డిసెంబరులో ఊరికి వెళ్ళి, తాతయ్య సమాధికి తన చేతులతో సున్నం వేశాడు.

ఆ చిత్రం చూపించినవారికి మా ఊరు తెలియదు. మూడేళ్ళ ఎదురుచూపు అలాంటి చోటికి చేరుతుందని వారు అనుకొని ఉండరు. అయినా వారు చూపించినది చాలావరకు తెచ్చి ఇచ్చారు. ఆ మాత్రానికైనా నేను వారికి కృతజ్ఞుణ్ణి. మావాడి ఎదురుచూపులో ఆట ఒక పాలైతే, తాతయ్యతో చేసిన ఫోను మాటలు మూడు పాళ్ళు. ఆటలో లేని చర్చి, సమాధుల తోట వాడి నోటుబుక్కులో ఉన్నాయి.

ఇక ఈ-త్రీ సంగతి. 2005లో 70,000 మంది వచ్చిన ఆ ఎగ్జిబిషన్, ఖర్చులు మోయలేనంతగా పెరిగాయని 2007లో పిలిచినవారికి మాత్రమే జరిగింది. రెండేళ్ళకు మళ్ళీ పెద్దదైంది. కాని కాలం మారింది. దుకాణదారుల చేతిలోనుండి అమ్మకం ఇంటర్నెట్‌లోకి పోయింది. పత్రికలవారి ద్వారా కాకుండా కంపెనీలే నేరుగా జనంతో మాట్లాడడం నేర్చుకొన్నాయి. 2013 నుండి నింటెండో అక్కడ పెద్ద సభ పెట్టడం మానేసి, ముందుగా తీసిన వీడియోలు విడుదల చేసింది. 2019లో సోనీ రాలేదు. 2020లో కరోనా వలన రద్దయింది. 2021లో ఇంటర్నెట్‌లో మాత్రమే జరిగింది. 2022లోనూ 2023లోనూ జరగనే లేదు. ఆ తరువాత మూసివేత ప్రకటన వచ్చింది. ‘త్వరలో’ అనే మాట మాత్రం మూతపడలేదు. అది సంవత్సరానికి ఒక వారం వినబడేది, ఇప్పుడు ప్రతి ఇంట్లో, ప్రతి పిల్లవాడి ఫోనులో, సంవత్సరం పొడవునా వినబడుతున్నది.

తల్లిదండ్రులారా, అందుచేత మూడు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, మీ బిడ్డ దేనికోసం ఎదురుచూస్తున్నాడో అడగండి. అడిగి నవ్వకండి. ఒక్కసారి ప్రక్కన కూర్చొని చూడండి. అది బిడ్డ వయసుకు తగినదా కాదా అన్నది కూడా అలా కూర్చున్నప్పుడే మీకు తెలుస్తుంది. దూరంనుండి కేకలు వేస్తే తెలియదు.

రెండవది, చూపినదానికీ చేతికి వచ్చినదానికీ మధ్య ఉండే దూరాన్ని వారికి నేర్పండి. రాని ఆటకు ముందుగా డబ్బు కట్టవద్దని చెప్పండి. విడుదలైన రోజున ఎగబడకుండా రెండు వారాలు ఆగి, ఆడినవారి మాట విని, అప్పుడు నిర్ణయించుకోమనండి. పెళ్ళిచూపుల్లో, ఉద్యోగ ప్రకటనల్లో, ఎన్నికల సభల్లో కూడా రేపు ఇదే తెలివి వారికి పనికివస్తుంది.

మూడవది మన గురించి. ‘వచ్చే నెల’, ‘చూద్దాంలే’, ‘పరీక్షలు అవనీ’ అని మనం ఇంట్లో ఎన్నిసార్లు అంటామో లెక్కపెట్టుకోండి. అవి మన ఈ-త్రీలు. మన బిడ్డ కూడా మన మాట విని మనసులో ఒక నోటుబుక్కు పెట్టుకొంటాడు. ఇవ్వగలిగినదాన్ని తేదీతో చెబుదాం. ఇవ్వలేనిదాన్ని ఇవ్వలేమని చెబుదాం. ‘లేదు’ అన్న మాటను పిల్లలు తట్టుకొంటారు. నేను కళ్ళారా చూశాను. వారు తట్టుకోలేనిది, ఎన్నటికీ రాని ‘త్వరలో’.

పెద్ద పెద్ద కంపెనీల మాటలు నిలిచాయో లేదో వ్రాయడానికి పత్రికలు ఉన్నాయి. మన మాటలు నిలిచాయో లేదో వ్రాసుకొనేవారు మన ఇంట్లోనే, మన భోజనాల బల్ల దగ్గరే ఉన్నారు. వారు ఇప్పుడు ఏమీ అనరు. పెద్దవారైన తరువాత, తమ బిడ్డలకు మాట ఇచ్చేటప్పుడు, మనం ఎలా ఇచ్చామో అలాగే ఇస్తారు.

ఆలోచించండి.